అక్షసూక్తము – అరచేతిలోని ద్యూతసభ

(దేవాలయ ప్రాంగణమున జరిగిన ప్రవచనములలో ఒకనాటి సాయంకాల ప్రసంగపాఠము)

శ్రీ గురుభ్యో నమః.



నిన్నటి సాయంకాలము ప్రసంగము ముగిసి హారతి ఇచ్చిన పిమ్మట ఒక తల్లి మా వద్దకు వచ్చినది. చాలసేపు మాటాడలేదు. తరువాత కొంగుతో కన్నులు ఒత్తుకొనుచు ఇట్లు అడిగినది: "స్వామీ, మా వాడు రాత్రి రెండింటి దాకా ఆ సెల్‌ఫోనులో ఆట ఆడుతూనే ఉంటాడు. ఇంటరు పరీక్ష తప్పాడు. ఇక ముట్టుకోనమ్మా అని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. ఆ రాత్రే మళ్ళీ దుప్పట్లో ఫోను పెట్టుకుని ఆడాడు. వాడు నాతో అబద్ధమాడాడా స్వామీ? వాడికి నా మీద ప్రేమ లేదా?"

ఆ తల్లికి మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. "రేపు రమ్మా" అని మాత్రము పంపినాము. నేటి ప్రసంగమునకు అనుకొన్న విషయము వేరు. దానిని ప్రక్కన పెట్టి, ఈ ప్రశ్ననే నేటి విషయముగా గైకొనుచున్నాము. ఇది ఆ ఒక్క తల్లి ప్రశ్న కాదు. ఈ సభలో కూర్చున్నవారిలో పలువురి గుండెలో ఇదే ప్రశ్న ఉన్నదని మాకు తెలియును.

మా సమాధానము ముందుగనే చెప్పెదము. అమ్మా, నీ కుమారుడు ఒట్టు వేసినపుడు అబద్ధమాడలేదు. ఆ మాట వాని హృదయములోనుండియే వచ్చినది. రాత్రి ఆడినపుడు నీపై ప్రేమ లేక ఆడలేదు. ఈ రెండును ఏకకాలమున ఎట్లు నిజమగునో మన పెద్దలు ఎరుగుదురు. నేటి వైద్యులును ఎరుగుదురు. దానిని వివరించుటయే నేటి మా పని.

అక్షసూక్తములోని కితవుడు

మేము అధ్యయనము చేసినది కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖ. అయినను ఈ సందర్భమున ఋగ్వేదమును ఆశ్రయింపవలసి వచ్చుచున్నది. ఋగ్వేద దశమ మండలములో 34వ సూక్తమునకు అక్షసూక్తమని పేరు. అందు 14 మంత్రములు కలవు. అక్షములనగా పాచికలు. ఆ కాలమున పాచికలు దంతముతోనో లోహముతోనో చేసినవి కావు. అవి విభీదక వృక్షపు కాయలు. మనము త్రిఫలచూర్ణములో కరక్కాయ, ఉసిరికాయలతో కలుపు తానికాయయే అది. ఎవరికిని హాని చేయని కాయ. వైద్యునికి ఔషధము. జూదరికి మాత్రము అది యజమాని అయినది.

వేదమనగా దేవతాస్తుతులే అని తలచువారు ఈ సూక్తమును చూచిన ఆశ్చర్యపడుదురు. ఇందు మాటాడువాడు కితవుడు, అనగా జూదరి. తన కథను తానే చెప్పుకొనుచున్నాడు. తన భార్య ఎన్నడును తనతో కలహించలేదనియు, తనకును తన మిత్రులకును మేలే కోరినదనియు, అట్టి ఇల్లాలిని పాచికల కొరకై దూరము చేసికొంటిననియు ఒప్పుకొనుచున్నాడు. అత్తగారు ద్వేషించుచున్నది. అప్పులు పెరిగినవి. పరుల ఇండ్లు, వారి సంసారములు చక్కగ ఉండుట చూచి కుమిలిపోవుచున్నాడు.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదము. ఈ కితవుడు ఒకనాడు దృఢముగా అనుకొనును, ఇక ఆడనని. మిత్రులు సభకు పోవుచుండగా తాను వెనుక నిలిచిపోవును. అంతలో పలకపై కాయలు పడిన చప్పుడు చెవిని పడును. అంతే. అతడు సభకు పోవును.

ఈ మనుష్యునకు లోపించినదేమి? జ్ఞానము లోపించలేదు, తన నష్టములన్నియు ఎవరును అడుగకయే ఏకరువు పెట్టుచున్నాడు. ప్రేమ లోపించలేదు; భార్యను తలచి దుఃఖించుచున్నాడు. నిశ్చయమును లోపించలేదు, ఆడనని అనుకొన్నాడు. మరి లోపించినది ఒక్క క్షణము. కాయల చప్పుడునకును కాలి అడుగునకును నడుమ, "పోవలెనా, వద్దా?" అని ఆలోచించుటకు ఉండవలసిన క్షణము. ఆ క్షణము వానికి లేకపోయినది. నేటి బాలునకును లోపించుచున్నది అదియే.

మెదడులో జరుగునది

వేదములో స్కానింగు యంత్రములు ఉన్నవని మేము చెప్పబోము. అట్టి మాటలు వేదమునకు గౌరవము తేజాలవు. ఋషి మనిషిని చూచినాడు. వైద్యుడు మెదడును చూచుచున్నాడు. ఇద్దరును చూచినది ఒకే బాధను. కొలది కాలము క్రిందట ఒక కారణముచే మేము ఒక మానసిక వైద్యుని ఎదుట పలుమార్లు కూర్చుండవలసి వచ్చినది. ఆ కారణమును తరువాత చెప్పెదము. ఆయన కాగితముపై బొమ్మలు గీసి, ఓపికతో మాకు బోధించినారు. అందు మాకు అర్థమైనంత చెప్పుచున్నాము.

మన మెదడు లోతట్టున స్ట్రయేటమ్ అను ఒక భాగము కలదు. డోపమిన్ అను రసాయనము అచటికి చేరుచుండును. ఇది సుఖమునిచ్చు ద్రవ్యమని పలువురు అనుకొందురు. అది సరిగాదు. ఉల్ఫ్రామ్ షుల్జ్ అను శాస్త్రవేత్త కోతులపై చేసిన ప్రయోగములు ఈ విషయమును తేటపరచినవి. కోతికి పండ్లరసము ఇచ్చుటకు ముందు ఒక గుర్తు చూపెడివారు. మొదట రసము నోట పడినపుడు డోపమిన్ కణములు చలించెడివి. కొన్నాళ్ళు అలవాటైన పిమ్మట, రసము పడినపుడు కాదు, గుర్తు కనబడగానే చలింపసాగినవి. గుర్తు కనబడియు రసము రాకున్నచో ఆ కణములు ఉన్న స్థితికంటె క్రుంగిపోయినవి. అనగా ఇది అనుభవమునకంటె ఆశకు సంబంధించినది. మన పెద్దలు దీనినే తృష్ణ అనినారు. పాచికల చప్పుడు కితవునకు ఎట్లో, ఫోనునుండి వచ్చు "టింగ్" అను చిన్న శబ్దము నేటి బాలునకు అట్లు. గెలుపు ఇంకను రాలేదు. శబ్దముననే మనస్సు పరుగెత్తిపోయినది.

1998లో లండను నగరమున ఒక పరిశోధన జరిగినది. ఎనిమిది మంది పురుషులచే తెరపై యుద్ధశకటమును నడుపు ఆట ఆడించి, ఆ సమయమున వారి మెదడును పెట్ స్కాన్ అను పద్ధతిచే పరిశీలించినారు. ఆట ఆడుచుండగా స్ట్రయేటమ్ భాగమున డోపమిన్ విడుదల పెరుగుట కనబడినది. బాగుగా ఆడినవారిలో అది అధికముగా ఉండెను. 2009లో తైవాను దేశపు వైద్యులు ఆటలకు బానిసలైన పదిమందికి, కాని పదిమందికి ఆట తాలూకు చిత్రములు చూపి ఎం.ఆర్.ఐ. తీసినారు. ఆట లేదు, చిత్రము మాత్రమే. అయినను మొదటి పదిమందిలో కోరికకు సంబంధించిన ప్రాంతములు చలించినవి. మత్తుపదార్థములకు అలవాటుపడినవారికి ఆ వస్తువును చూపినపుడు చలించు ప్రాంతములును అట్టివే అని వారు తెల్పినారు.

ఇక రెండవ భాగము నుదుటి వెనుక ఉన్నది. ఆగుట, ఆలోచించుట, రేపటి ఫలమును తలచి నేటి కోరికను అదుపు చేయుట అను పనులలో దానికి ముఖ్యపాత్ర. ఈ భాగము పూర్తిగా పరిణతి చెందుటకు రమారమి ఇరువదియైదేండ్లు పట్టునని వైద్యులు చెప్పుచున్నారు. కోరికను రేపు భాగము మాత్రము కౌమారముననే బలముగా పనిచేయును.

కఠోపనిషత్తు దేహమును రథముతోను, ఇంద్రియములను గుఱ్ఱములతోను, మనస్సును పగ్గముతోను, బుద్ధిని సారథితోను పోల్చినది. ఆ ఉపమానము మీ అందరికిని తెలిసినదే. పదునాఱేండ్ల బాలుని రథమును ఒక్కసారి తలచుకొనుడు. గుఱ్ఱములు పూర్తిగా ఎదిగినవి. సారథి ఇంకను శిక్షణలో ఉన్నాడు. అట్టి రథమునకు ఎదురుగా, గుఱ్ఱములను బెదరించుటలో ఆరితేరినవారు రాత్రింబవళ్ళు నిలిచియున్నారు.

ఈ మాట ఊరక అనలేదు. నేటి ఆటలు ముగింపు లేనట్లు కూర్చబడినవి. ప్రతిదినము వచ్చినవారికి కానుక. ఒక్కనాడు రాకున్న పోవును. అందు కొన్నిట రహస్యపు పెట్టెలు కలవు. తెరచిన ఏమి వచ్చునో తెలియదు. ఎపుడు వచ్చునో తెలియని బహుమానము మనుష్యుని కట్టివేసినట్లు, ప్రతిసారి వచ్చు బహుమానము కట్టివేయదు. ఇది పాచికల రహస్యమే. అందుచేతనే బెల్జియం దేశపు జూద నియంత్రణ సంస్థ 2018లో కొన్ని ఆటలలోని ఇట్టి పెట్టెలను జూదముగా పరిగణించినది. మిత్రులు జట్టుగా వేచియుందురు. తాను పోకున్న జట్టు ఓడును. మిత్రులు పోవుచుండగా వెనుక నిలిచిన కితవుని బాధ ఇదియే గదా!

ప్రాచీన కాలమునకును నేటికిని ఒక్క భేదము కలదు. ఆ కితవుడు ఇల్లు వదలి, వీధి నడచి, సభకు చేరవలెను. దారిలో ఎవరైనను పలుకరింపవచ్చును, మనస్సు మరలవచ్చును. సభకు దీపములు ఆర్పు వేళ యును ఉండెడిది. నేడు ద్యూతసభ అరచేతిలో ఉన్నది. దిండు క్రింద ఉన్నది. దానికి దీపములు ఆర్పువారు లేరు.

ప్రేయస్సు, శ్రేయస్సు

ఆలోచనాశక్తిని కొలుచుటకు వైద్యులు కొన్ని పరీక్షలు ఏర్పరచినారు. అందు ఒకటి సులభమైనది. తెరపై ఒక గుర్తు వచ్చిన మీట నొక్కవలెను; వేరొక గుర్తు వచ్చిన నొక్కకూడదు. చేయి వేగముగా నొక్కుటకు అలవాటుపడిన పిమ్మట, నొక్కకూడని గుర్తు వచ్చినపుడు ఆగగలరా అన్నది పరీక్ష. ఆటల వ్యసనము కలవారిలో ఈ ఆగుట కష్టమైనట్లు, ఆ సమయమున నుదుటి వెనుక భాగము పనితీరులో భేదములు ఉన్నట్లు పలు పరిశోధనలు తెల్పినవి.

రెండవ పరీక్ష ఇట్టిది. "నేడు కొంత ధనము తీసికొందువా? కొన్ని నెలలు ఆగి అంతకంటె ఎక్కువ తీసికొందువా?" అని అడుగుదురు. దూరమున ఉన్న పెద్ద ఫలము ఎవరికైనను కొంత చిన్నదిగనే కనబడును. ఆటల వ్యసనము కలవారికి అది మఱింత చిన్నదిగా కనబడునని పరిశోధకులు కనుగొనినారు. యమధర్మరాజు నచికేతునకు బోధించిన ప్రేయస్సు, శ్రేయస్సు అను రెండు మార్గములు మీకు జ్ఞాపకము వచ్చుచుండును. ఎదుట ఉన్నది ప్రేయస్సు. దూరమున ఉన్నది శ్రేయస్సు. వ్యసనము శ్రేయస్సును చెఱపదు. దానిని ఇంకను దూరమునకు నెట్టివేయును. పరీక్షాఫలము, ఉద్యోగము, తల్లి సంతోషము, అన్నియు వానికి తెలియును. కాని అవి కనుచూపు మేర దాటి ఉన్నవి. ఆట బొటనవ్రేలి క్రింద ఉన్నది.

మూడవ పరీక్షను 1994లో అమెరికాలోని అయోవా పరిశోధకులు ప్రకటించినారు. నాలుగు కట్టల పేకముక్కలు ఉండును. రెండు కట్టలలో లాభము పెద్దది, కాని నష్టము అంతకంటె పెద్దది. తక్కిన రెంటిలో లాభము చిన్నది, నష్టము ఇంకను చిన్నది. ఆరోగ్యవంతులు కొంతసేపు ఆడిన పిమ్మట మంచి కట్టల వైపునకు మరలుదురు. నుదుటి వెనుక భాగము దెబ్బతినినవారు నష్టపోవుచునే చెడ్డ కట్టలను తీయుచుందురు. ఆటల వ్యసనము కలవారికిని ఈ పరీక్షను పెట్టినారు. కొందరు పరిశోధకులు లోపము కనబడినదనినారు. ఫలితములన్నియు ఒక్కతీరుగా రాలేదు.

ఇచట ఒక హెచ్చరిక. ఈ పరిశోధనలలో పెక్కింట పాల్గొనినవారు కొలదిమంది. ఒకే సమయమున తీసిన చిత్రములే అధికము. ఆట ఆడుటచే ఆవేగము పెరిగినదా, లేక పుట్టుకతో ఆవేగము ఎక్కువైనవారే ఆటలో చిక్కుకొనుచున్నారా అను విషయము పూర్తిగా తేలలేదు. రెండును ఉండవచ్చును. విత్తనము ముందా, చెట్టు ముందా అని వాదించుచు కూర్చుండినవాని పొలమున కలుపు పెరుగును. మనకు కావలసినది కలుపు తీయు ఉపాయము.

ఏది ఆట, ఏది రోగము?

ఆట ఆడు ప్రతి బాలుడును రోగి కాడు. ఈ మాటను తల్లిదండ్రులు గట్టిగా పట్టుకొనవలెను. ఆడువారిలో అత్యధికులు ఆడి, లేచి, తమ పని చూచుకొనువారే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగముల పట్టికయందు ఆటల వ్యసనమును చేర్చినది. ఆ పట్టికను 2019 మే నెలలో సభ్యదేశములు ఆమోదించినవి. 2022 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. అందు మూడు లక్షణములు చెప్పబడినవి. ఆటపై అదుపు తప్పుట ఒకటి. తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట రెండవది. హాని జరుగుచున్నదని తెలిసియు కొనసాగించుట, లేక పెంచుకొనుట మూడవది. ఇవి సామాన్యముగా 12 నెలలకు తక్కువ గాక ఉండి, చదువు, కుటుంబము, ఉద్యోగము మున్నగువానిని గట్టిగా దెబ్బతీసినపుడే రోగమని నిర్ణయింతురు. సెలవులలో పదిదినములు ఆడినవానిని రోగి అనరాదు. అట్లని ఏడాదిగా అన్నము, నిద్ర, చదువు వదలినవానిని "వయసు, అదే పోవును" అని వదలనురాదు.

ధనము పందెముగా ఒడ్డు ఆటల విషయము వేరు. మన తెలంగాణమున 2017లో, ఆంధ్రప్రదేశమున 2020లో అట్టి ఆటలను నిషేధించుచు శాసనములు సవరించినారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించునట్లు చట్టము చేసినది. మంచిదే. కాని చట్టము ధనమును కాపాడగలదేమో గాని, కాలమును కాపాడజాలదు. పైసా ఒడ్డని ఆటలోను బాలుడు రాత్రులను ఒడ్డుచున్నాడు. నిద్ర లేని మనస్సునకు ఆగు శక్తి ఇంకను తగ్గును. సూక్తారంభముననే విభీదకము మనుష్యుని మేల్కొలిపి ఉంచునని చెప్పబడియుండుట గమనింపదగినది.

మా వలన జరిగిన దోషము

ఇక మేము మానసిక వైద్యుని ఎదుట కూర్చుండుటకు కారణమైన విషయము. ఇది చెప్పుకొనుట మాకు సుఖము కాదు. అయినను చెప్పవలెను.

మేము పాఠము చెప్పిన ఒక పాఠశాలలో ఒక విద్యార్థి ఉండెడివాడు. ఎనిమిదవ ఏట వచ్చినాడు. ఒక్కసారి సంత చెప్పిన చాలును, పనస నోటికి వచ్చెడిది. స్వరము గంట కొట్టినట్లు ఉండెడిది. పదునాఱవ ఏట వానికి ఎవరో బంధువులు ఒక ఫోను ఇచ్చినారు. మాకు తెలియదు. కొన్ని నెలలకు వల్లె వేయునపుడు స్వరములు తప్పసాగినవి. తెల్లవారుజామున లేచెడివాడు కాడు. ఇది తమస్సు అనుకొంటిమి, దండించితిమి. ఒక రాత్రి గోశాల వెనుక కూర్చుండి ఆడుచుండగా పట్టుకొంటిమి. "ఇక ఆడను గురువుగారూ" అని కాళ్ళపై పడినాడు. క్షమించితిమి. నాలుగు దినములకు మరల అదే చోట దొరకినాడు. అప్పుడు మేము తండ్రిని పిలిపించి, పదిమంది విద్యార్థుల ఎదుట, "వీడు మా శిష్యుడు కాడు, తీసికొనిపొండు" అనినాము.

ఆ సాయంకాలము సంధ్య వార్చుటకు కూర్చుండినపుడు అక్షసూక్తము మనస్సునకు వచ్చినది. అందు అప్పులవారు వచ్చినపుడు కితవుని తల్లి, తండ్రి, సోదరులు ఏమందురు? వీని నెరుగము, కట్టి తీసికొనిపొండు అని అందురు. నలుబది ఏండ్లుగా ఎరిగిన మంత్రము. అందు పాపము కితవునిదనియే అప్పటివరకు మేము తలచితిమి. ఆ దినమున ఆ బంధువుల మాట మా నోటనే వచ్చినది గదా అని తెలిసినది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరియొక కథయును జ్ఞాపకము వచ్చినది. ఈ సూక్తమునకు ఋషిగా అనుక్రమణి కవష ఐలూషుని పేరు చెప్పును. అక్ష మౌజవంతుడని పక్షాంతరము. ఈ కవషుని కథ ఐతరేయ బ్రాహ్మణమున కలదు. సరస్వతీ తీరమున ఋషులు సత్రయాగము చేయుచుండగా, వీడు దాసీపుత్రుడు, కితవుడు అని నిందించి, ఆయనను యజ్ఞవాటికనుండి వెడలగొట్టి, నీరు లేని ఎడారిలో విడిచినారు. దాహముతో చావనున్న ఆయనకు జలదేవతాసూక్తము దర్శనమైనది. సరస్వతి ఆయన చుట్టును ప్రవహించినది. అప్పుడు ఋషులు తమ తప్పు తెలిసికొని, తామే పోయి ఆయనను పిలుచుకొని వచ్చినారు. వెడలగొట్టినవారు ఋషులు, మరల పిలిచినవారును ఆ ఋషులే. వారి గొప్పతనము రెండవ పనియందున్నది.

మేమును ఆ బాలుని ఇంటికి పోయితిమి. వాడు మమ్ములను చూచి తలుపు చాటునకు పోయినాడు. తండ్రి, "మేము కూడా వాడితో మాట్లాడటం మానేశామండీ" అనినాడు. సిగ్గు ఒకవైపు, ఒంటరితనము ఒకవైపు. ఆ రెంటినుండి పారిపోవుటకు వానికి మిగిలిన చోటు ఆ ఆట ఒక్కటే. మేమందరము కలసి వానిని ఆ గుహలోనికే నెట్టితిమి. అప్పుడు వానిని వెంటబెట్టుకొని మానసిక వైద్యుని వద్దకు పోయితిమి.

సంకల్పమునకు దేశకాలములు

ఆ వైద్యుడు బాలునితో, "ఇక ఆడవద్దు" అని ఒక్కమారైనను అనలేదు. "ఏ వేళ ఆడవలెననిపించును? ఎచట కూర్చున్నపుడు? దానికి ముందు ఏమి జరుగును?" అని అడిగి వ్రాయించినారు. రాత్రి అందరును పడుకొన్న పిమ్మట, ఇల్లు జ్ఞాపకము వచ్చినపుడు అని బాలుడు వ్రాసినాడు. ఎనిమిదేండ్లు మా వద్ద ఉన్న పిల్లవాడు ఇంటికొరకు బెంగగొనుచున్నాడని మాకు తెలియదు. తరువాత వైద్యుడు, "ఆ వేళ వచ్చినపుడు ఏమి చేయుదువు, ఎచటికి పోవుదువు అను విషయమును పగటిపూటనే నిర్ణయించుకొని వ్రాసికొనుము" అనినారు. ఆలోచన, అలవాటు, ప్రవర్తనలను క్రమముగా మార్చు ఈ చికిత్స గంటల తరబడి మాటలతో జరుగును.

వైద్యుని మాట వినగానే మాకొక విషయము స్ఫురించినది. మనము ప్రతిదినము ఏ కర్మ చేసినను ముందు సంకల్పము చెప్పుదుము. సంకల్పములో ఏమున్నది? ఏ ద్వీపమున, ఏ వర్షమున, ఏ నదుల నడుమ ఉన్నామో, ఏ సంవత్సరము, ఏ మాసము, ఏ తిథి, ఏ వారమో చెప్పి, అటుపిమ్మట చేయబోవు కర్మను చెప్పుదుము. దేశకాలములు చెప్పక "నేను పూజ చేయుదును" అనిన అది సంకల్పము కాదు, కోరిక మాత్రమే. అక్షసూక్తములోని కితవుడు "ఆడను" అనుకొన్నాడు గాని, చప్పుడు వినబడినపుడు ఎచట ఉండవలెనో, ఏమి చేయవలెనో అనుకొనలేదు. అమ్మా, నీ కుమారుడు నీ తలపై చేయి పెట్టి చేసినదియును అట్టి ఒట్టే. అది నిజమైనదే. కాని దానికి దేశము లేదు, కాలము లేదు. అందుచే రాత్రి రెండు గంటలకు అది వానికి తోడు రాలేదు.

బుద్ధి మేలుకొని ఉన్న పగటివేళ, రాత్రి కొరకు నిర్ణయింపవలెను. "రాత్రి తొమ్మిదింటికి ఫోనును నాయన గదిలో ఉంచెదను. ఆడవలెననిపించిన లేచి నీరు త్రాగి, అరుగుపై కూర్చుండి, నూట ఎనిమిది మార్లు గాయత్రి చేసెదను. లేక అన్నను లేపెదను." ఇది సంకల్పము. అప్పుడు చప్పుడునకును అడుగునకును నడుమ, పోయిన ఆ క్షణము మరల పుట్టును. మొదట అది అరక్షణమే. అభ్యాసముచే పెరుగును. ప్రాణాయామము, సంధ్య, జపము అన్నియు ఆగుటకు అభ్యాసములే. కాని జపమును వైద్యమునకు బదులుగా చెప్పుట లేదు. వైద్యమునకు తోడుగా చెప్పుచున్నాము.

గృహస్థులకు నాలుగు మాటలు

మొదటిది. రాత్రివేళ ఫోను పడకగదిలో ఉండరాదు. ఈ నియమము బాలునకు మాత్రమే కాదు, తండ్రికిని. భోజనమువేళ తాను ఫోను చూచుచు కుమారుని మందలించు తండ్రి మాటకు బలము లేదు. ద్యూతసభను దిండు క్రిందినుండి వీధి చివరకు పంపుడు. నడువవలసిన దూరము పెరిగినకొలది ఆలోచించుటకు వ్యవధి పెరుగును.

రెండవది. ఫోను లాగుకొని నేలకు కొట్టవలదు. ఖాళీ అయిన చేతికి మరియొక పని ఇయ్యవలెను. అక్షసూక్తము చివర సవితృదేవుడు కితవునకు ఇచ్చిన ఉపదేశము పాచికలు మానుటతో ఆగలేదు. పొలము దున్నుకొమ్మని, ఉన్న సంపదతో తృప్తి పడుమని, గోవులును ఇల్లాలును అచటనే ఉన్నారని చూపినది. నాగలి పట్టిన చేతికి ఫలము ఆలస్యముగా వచ్చును, కాని నిజముగా వచ్చును. దూరమున ఉన్న శ్రేయస్సును దగ్గరకు తెచ్చు విద్య అదియే. తోటపని, వంట, మృదంగము, మైదానములో ఆట, ఏదైనను సరే. చేతితో చేసి కంటితో ఫలము చూచు పని కావలెను.

మూడవది. బిడ్డతో మాటలు మానవలదు. "నీవు మా బిడ్డవు కావు" అను మాట ఏ కోపములోను నోట రానీయవలదు. మేము అని, అనుభవించితిమి.

నాలుగవది. లక్షణములు గట్టిగా ఉన్నచో వైద్యుని కలియుటకు సిగ్గుపడవలదు. జ్వరము వచ్చిన డాక్టరును పిలుతుము గదా! బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థయందు 2014 నుండి ఇట్టివారి కొరకు ప్రత్యేక చికిత్సాలయము నడుచుచున్నది. 2022 అక్టోబరులో ప్రభుత్వము టెలిమానస్ అను ఉచిత దూరవాణి సేవను ప్రారంభించినది. 14416 సంఖ్యకు పిలిచిన తెలుగులోనే మాటాడవచ్చును. రక్షరేకు కట్టించుకొనుటకు మా వద్దకు వచ్చువారు చాలమంది. కట్టెదము, కాని కట్టించుకొని ఈ సంఖ్యకును ఫోను చేయుడు.

ఆ బాలుడు ఏమైనాడని మీరు అడుగవచ్చును. ఏడాది పట్టినది. నడుమ రెండు పర్యాయములు జారినాడు. రెండవమారు తానే వచ్చి, "గురువుగారూ, నిన్న రాత్రి ఆడాను" అని చెప్పినాడు. మునుపటి మేమైన దండించియుందుము. అప్పుడు, "చెప్పినావు గదా నాయనా, అదే చాలును. కూర్చో, సంత చెప్పుకొందము" అనినాము. పోయిన పనసలు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చినవి. ఇంకను కొన్ని రాలేదు. వచ్చును.

నలమహారాజు కథ మీకు తెలిసినదే. పుష్కరునితో నెలల తరబడి పాచికలాడి, దమయంతి పిలిచినను, పురజనులు వాకిట నిలిచినను తల యెత్తలేదు. అట్టివాని నుండి కలి విడిచిపోయినది ఎప్పుడు? ఋతుపర్ణుని వద్ద అక్షహృదయమను విద్యను గ్రహించినపుడు. ఏ కాయలు తనను కట్టివేసినవో, వాని రహస్యము తెలిసినపుడు. విడిచిన కలి పోయి చేరినది విభీతక వృక్షమును, అనగా ఆ తాని చెట్టునే. బిడ్డను కట్టివేయుచున్నది ఏమో తెలిసికొనుటయే నేటి మన అక్షహృదయము. ఆ తెలివి కలిగిన ఇంట కోపము తగ్గును. కోపము తగ్గిన ఇంట బిడ్డ తలుపు చాటునుండి వెలికి వచ్చును.

అమ్మా, నీవు ఈ సభలో ఉన్నావని చూచుచున్నాము. రేపు ఉదయము అభిషేకము వేళ నీ కుమారుని వెంటబెట్టుకొని రమ్ము. మేము వానిని ఏమియు అడుగము. ప్రక్కన కూర్చుండబెట్టుకొని, సంకల్పము చెప్పించెదము. దేశము, కాలము, కర్మ, మూడును వాని నోటనే పలికించెదము.

పరమేశ్వరుడు మన బిడ్డల సారథులకు బలమిచ్చుగాక. పెద్దలమైన మనకు ఓర్పునిచ్చుగాక.

శుభమస్తు. స్వస్తి.